మూలం ఉంది కదా అని

ఈ మధ్య వికీపీడియాలో ఒక చర్చా పేజీ (వ్యాసంలో ఏముండాలో సంపాదకులు వాదించుకునే పేజీ) చదివాను. పెద్ద గొడవేమీ కాదు. ఎప్పుడో ఆట నుంచి తప్పుకున్న ఒక క్రీడాకారిణి గురించిన చిన్న వ్యాసం. వ్యాసం పక్కన ముఖ్య వివరాలు చూపే సమాచారపెట్టెలో ఆమె పుట్టిన తేదీ, నెల, సంవత్సరం మూడూ ఉన్నాయి. సొంత పేజీ ఇంకా లేక పేరు ఎర్రలింకుగా కనిపించే ఒక కొత్త వాడుకరి వచ్చి తేదీ, నెల తీసేసి సంవత్సరం ఒక్కటే ఉంచారు. ఎందుకు మార్చారో చెప్పే దిద్దుబాటు సారాంశంలో ఏమీ రాయలేదు. నిమిషాల్లో ఆ మార్పు రద్దయింది: "మూలం ఉన్న సమాచారాన్ని తొలగించారు." మళ్ళీ తీశారు, మళ్ళీ రద్దయింది. ఈలోగా ఆ వాడుకరికి ముందే రాసి ఉంచిన ఒక మూస సందేశం వచ్చి పడింది. మీ దిద్దుబాట్లు నిర్మాణాత్మకంగా లేవు, ప్రయోగాలు చేయదలిస్తే ప్రయోగశాలలో చేయండి, ఇలాగే కొనసాగితే నిరోధం విధించాల్సి (ఇక దిద్దకుండా ఆపాల్సి) వస్తుంది.

అప్పుడు ఆవిడ వ్యాసం చర్చా పేజీకి వచ్చి రాశారు: "ఈ పేజీ నా గురించే. బ్యాంకు నుంచి అంటూ ఫోను చేసినవాడు నా పుట్టినరోజు చెప్పి నన్ను నమ్మించబోయాడు. దయచేసి తేదీ తీసేయండి." దాని కింద అనుభవజ్ఞుడైన ఒక సంపాదకుడి జవాబు: "నమస్కారమండీ. ఆ తేదీకి మూలం ఉంది. అది తప్పని చెప్పే మూలం ఏదైనా ఉంటే ఇవ్వండి, మారుస్తాం."

తేదీ తప్పని ఆవిడ ఎక్కడా అనలేదు. సరైనదే కాబట్టి తీయమంటున్నారు. జవాబిచ్చిన ఆయన చెడ్డవాడు కాదు, మర్యాదగానే మాట్లాడారు. రోజూ వచ్చే వందల అనవసర తొలగింపుల్లో ఇదీ ఒకటనుకుని, చేతికి అలవాటైన జవాబు రాసేశారు. నాలాంటి వికీపీడియా సంపాదకులందరికీ ఉన్న ఆ అలవాటు గురించే ఈ వ్యాసం.

నేను ఆ మూలం తెరిచి చూశాను. ఒక సంఘం వార్షికోత్సవ సంచిక, స్కాన్ చేసిన పీడీఎఫ్. చివరి పేజీల్లో సభ్యుల జాబితా ఉంది. పేరు, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, ఫోను నంబరు, అన్నీ ఒకే వరుసలో. అంటే తేదీ పక్కనున్న ఆ చిన్న అంకె మీద నొక్కిన ప్రతి పాఠకుణ్ణీ ఆవిడ ఇంటి గుమ్మం దాకా మనమే తీసుకెళ్తున్నాం. తేదీ ఉంచాలా తీయాలా అని వాదించుకున్నవాళ్ళలో ఆ లింకు నొక్కి చూసినవాళ్ళు ఎందరో నాకు అనుమానమే. మూలం ఉందా లేదా అని చూస్తాం గాని, ఆ మూలంలో ఇంకేముందో చూసే అలవాటు మనకు తక్కువ.

నా వాదన ఇది. మూలం ఉంటే రాయవచ్చు. అంతే. రాసి తీరాలని ఎవరూ అనలేదు. బతికున్న మనిషి సొంత జీవితానికి చెందిన వివరం, ఆ మనిషి ఏ ప్రజా పదవిలోనూ లేనప్పుడు, చేర్చాలంటే గట్టి మూలం అడగాలి. తీసేయాలంటే మాత్రం ఆ మనిషి అడిగితే చాలు. ఈ రెంటికీ ఒకే కొలత పెట్టడం చూడటానికి నిష్పాక్షికంగా ఉంటుంది. ఆచరణలో మాత్రం, నిబంధనల భాష వచ్చినవాడికి ఒక న్యాయం, రానివాడికి ఒక న్యాయం అవుతుంది.

ఇదేమీ నేను కనిపెట్టిన సిద్ధాంతం కాదు. ఇంగ్లీషు వికీపీడియా నిర్ధారత్వం విధానంలోనే ఈ మాట ఉంది: నిర్ధారించుకోదగ్గ సమాచారమంతా వ్యాసంలో ఉండాల్సిన పని లేదు, ఉంచాలనేవాళ్ళే ఇతరులను ఒప్పించాలి. జీవించి ఉన్నవారి గురించిన విధానం ఇంకా సూటిగా చెబుతుంది. పూర్తి పుట్టిన తేదీ నమ్మకమైన మూలాల్లో విస్తృతంగా వచ్చి ఉండాలి, లేదా ఆ మనిషికి అభ్యంతరం లేదని తెలిసేలా ఆయనకు సంబంధించిన మూలాల్లోనే వచ్చి ఉండాలి. ఆ మనిషి అభ్యంతరం చెబితే సంవత్సరంతో సరిపెట్టుకోవాలి. పుట్టిన తేదీలు, ఇంటి చిరునామాల లాంటి వివరాలుండే ప్రభుత్వ రికార్డులను అసలు వాడకూడదు. ఇన్ని రాసిపెట్టుకుని కూడా, చర్చా పేజీలో మన నోటికి ముందుగా వచ్చే మాట "మూలం ఉంది" అనే.

మూలం అడగడం ఎందుకు మొదలైంది

మూలాలు అడిగేవాళ్ళను చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. వాళ్ళు లేకపోతే ఈ విజ్ఞాన సర్వస్వం ఎప్పుడో పుకార్ల పుట్టగా మారేది. 2005లో జాన్ సీగెంథాలర్ అనే అమెరికా పాత్రికేయుడి వ్యాసంలో ఎవరో, కెనడీ సోదరుల హత్యలతో ఆయనకు సంబంధం ఉందని అనుమానించారంటూ ఒక కట్టుకథ చేర్చారు. ఆయన ఒకప్పుడు రాబర్ట్ కెనడీ దగ్గర పనిచేసిన మనిషి. ఆ రాత నాలుగు నెలలకు పైగా అలాగే ఉండిపోయింది. ఆయన యూఎస్ఏ టుడే పత్రికలో ఆ సంగతి రాశాక పెద్ద దుమారం రేగింది. జీవించి ఉన్నవారి గురించి ప్రత్యేక విధానం ఆ ఏడాది చివర్లో పుట్టింది. అబద్ధం ఒక మనిషిని ఎంత దూరం వెంటాడుతుందో 2007లో తానెర్ అక్చామ్ అనే చరిత్రకారుడికి తెలిసివచ్చింది. ఆయన వ్యాసాన్ని ఎవరో పాడుచేసి ఉంచారు. కెనడా విమానాశ్రయంలో అధికారులు ఆయన్ను గంటల తరబడి ఆపేసి, కారణంగా ఆ పేజీనే చూపించారు.

నాకు ఇంకా ఇష్టమైన ఉదాహరణ 2009 నాటిది. సినీ సంగీత దర్శకుడు మారిస్ జార్ చనిపోయిన కొద్ది గంటల్లో, డబ్లిన్‌లో చదువుకుంటున్న ఒక విద్యార్థి ఆయన అన్నట్టుగా ఒక అందమైన వాక్యం కల్పించి వ్యాసంలో పెట్టాడు. మూలం లేదని వికీపీడియా సంపాదకులు దాన్ని తీసేశారు. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తీసేశారు. అది పేజీలో ఉన్న కాస్త వ్యవధిలోనే పత్రికలవాళ్ళు ఎత్తుకుని నివాళి వ్యాసాల్లో అచ్చేశారు, ది గార్డియన్‌తో సహా. జీతం తీసుకునేవాళ్ళు బోల్తాపడ్డ చోట జీతం లేనివాళ్ళు నిలబడ్డారు. ఈ ఒక్క సంగతి కోసమైనా "మూలం ఏదీ?" అని విసిగించేవాళ్ళను నేను నెత్తిన పెట్టుకుంటాను.

అయితే అదే ఏడాది దీనికి తిరగబడ్డ కథ కూడా జరిగింది. కార్ల్-థియోడోర్ జు గుటెన్‌బర్గ్ జర్మనీ ఆర్థిక వ్యవహారాల మంత్రి అయినప్పుడు, అసలే చాంతాడంత ఉన్న ఆయన పేరులో ఎవరో "విల్‌హెల్మ్" అని ఇంకో పేరు ఇరికించారు. పత్రికలు వికీపీడియా చూసి అలాగే అచ్చేశాయి. ఆ పేరు నిజమేనా అని వికీపీడియాలో అనుమానం వచ్చేసరికి, మూలంగా చూపడానికి ఆ పత్రికల్లో ఒకటి సిద్ధంగా ఉంది! మూలం ఉన్నంత మాత్రాన నిజమని కూడా పూచీ లేదని దీంతో తేలింది.

సీగెంథాలర్ నుంచి జార్ దాకా ఈ కథలన్నీ అబద్ధాల గురించినవి. మన ఏర్పాట్లన్నీ అబద్ధాన్ని పట్టుకోవడానికి చేసుకున్నవి. ఆ క్రీడాకారిణి తెచ్చిన చిక్కు ఆ కోవలోకి రాదు. ఆవిడకు హాని చేస్తున్నది నిజం. నిజం చేసే హానిని పట్టుకునే సాధనం ఆ చర్చలో ఎవరి చేతిలోనూ లేదు. అందుకే తెలిసిన సాధనమే మళ్ళీ తీశారు: వేరే మూలం చూపండి.

నా విషయం నేను చెబితే

"మీ మాటకు మూలం కావాలి" అని ఆ మనిషికే చెప్పడం బయటివాళ్ళకు హాస్యంగా తోస్తుంది. అందులో కొంత న్యాయం లేకపోలేదు. 2012లో అమెరికా నవలాకారుడు ఫిలిప్ రాత్ ది న్యూయార్కర్ పత్రికలో వికీపీడియాకు బహిరంగ లేఖ రాశారు. తన నవల ఒకదానికి అనటోల్ బ్రోయార్డ్ అనే రచయిత జీవితం ప్రేరణ అని వ్యాసంలో ఉంది, అది తప్పు, నిజమైన ప్రేరణ తన మిత్రుడైన ఒక ప్రొఫెసరుకు ఎదురైన సంఘటన అని ఆయన ఫిర్యాదు. వికీపీడియా నిర్వాహకుడు (పేజీలు తొలగించడం లాంటి అదనపు అధికారాలున్న సంపాదకుడు) ఒకరు, రచయిత మాటకున్న విలువ ఒప్పుకుంటూనే, ద్వితీయ మూలాలు, అంటే ఇతరులు రాసినవి, కావాలన్నారు. ప్రపంచమంతా నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. ఆ నవలను బ్రోయార్డ్ జీవితంతో పోల్చింది వికీపీడియా కాదు, సమీక్షకులు. వాళ్ళు అలా రాశారన్నది జరిగిన సంగతి. రచయిత కాదన్నారని పక్కన చేర్చవచ్చు, చివరికి జరిగింది కూడా అదే. రచయితకు నచ్చలేదని సమీక్షకుల అభిప్రాయాన్నే మాయం చేయడం మొదలుపెడితే సాహిత్య విమర్శ ఇక ముందుకు సాగదు. పుస్తకం అచ్చయ్యాక అది రచయిత ఇంటి విషయం కాదు.

పదేళ్ళ తరవాత, 2022 డిసెంబరులో, కెనడా నవలాకారిణి ఎమిలీ సెయింట్ జాన్ మాండెల్‌కు వచ్చిన ఇబ్బంది వేరు. ఆమెకు విడాకులయ్యాయి. వికీపీడియాలో ఇంకా పెళ్ళయినట్టే ఉంది. మార్చాలంటే ఎక్కడైనా ఇంటర్వ్యూలో చెప్పాలన్నారు. ఆవిడ ట్విటర్‌లో, ఎవరైనా పాత్రికేయులు నన్ను ఇంటర్వ్యూ చేస్తారా అని అడగాల్సి వచ్చింది. స్లేట్ పత్రిక ముందుకొచ్చింది. ఆ ఇంటర్వ్యూ ముఖ్యోద్దేశం ఆవిడ నోట విడాకుల మాట చెప్పించి అచ్చు వేయడమే. మరునాటికల్లా వ్యాసానికి మూలం దొరికింది.

దీన్ని నిబంధన పనిచేసిన తీరుకు మంచి ఉదాహరణగా చెప్పేవాళ్ళున్నారు. నాకైతే పనిచేయకపోవడానికి ఉదాహరణగా కనిపిస్తుంది. పేరున్న రచయిత్రి కాబట్టి పత్రిక దొరికింది. ఎవరూ ఇంటర్వ్యూ చేయని మనిషి సంగతేమిటి? పైగా తన గురించి తాను చెప్పుకున్న వివాదరహితమైన మాటను వాడుకోవచ్చని నిబంధనల్లోనే ఉంది. ఇంకో దారీ ఉండింది, దాన్ని ఎవరూ తలచుకోలేదు: కొత్త వాక్యం చేర్చడానికి మూలం కావాలి సరే, "వివాహిత" అన్న పాత వరుసను తీసి ఊరుకోవడానికి ఏం కావాలి? ఒక నవలాకారిణి వ్యాసం ఆ వరుస లేకపోతే కుంటుపడదు. ఖాళీగా వదిలేయడం కూడా సంపాదకుడు చేయగల పనే అన్న సంగతి మనకు అంత తొందరగా తోచదు. సమాచారపెట్టెలో గడి కనిపిస్తే నింపాలనిపిస్తుంది, నింపింది పోతే ఏదో నష్టపోయినట్టు ఉంటుంది.

అడుగుతున్నది ఎవరు

ఇప్పుడు ఎదురు వాదన. ఇది తేలికైనది కాదు. అడిగితే తీసేస్తామంటే ముందు వరుసలో నిలబడేది ఆ క్రీడాకారిణి కాదు. డబ్బిచ్చి మనుషులను పెట్టుకుని తమ పేజీలు తుడిపించుకునే పెద్దలు, కంపెనీలు. వయసు తగ్గించుకోవాలనుకునే తారలు. పాత కేసు మరుగునపడితే బాగుండుననుకునే నాయకులు. వీళ్ళందరికీ "గోప్యత" అన్న మాట ఇప్పటికే బాగా వచ్చు.

రాజ్యాలకూ వచ్చు. 2013 ఏప్రిల్‌లో ఫ్రాన్సు గూఢచార విభాగం ఒక సైనిక రేడియో కేంద్రం గురించిన వ్యాసం తీసేయాలని పట్టుబట్టింది. ఆ వ్యాసంతో ఏ సంబంధమూ లేని ఒక స్వచ్ఛంద నిర్వాహకుణ్ణి పిలిపించి, తీయకపోతే అరెస్టు చేస్తామని బెదిరించి, ఆయన చేతే తీయించింది. మరో దేశంలో ఉన్న నిర్వాహకులు దాన్ని తిరిగి పెట్టారు. అంతవరకు ఎవరూ పట్టించుకోని ఆ పేజీ ఆ వారాంతంలో ఫ్రెంచి వికీపీడియాలో అందరికన్నా ఎక్కువగా చదివిన పేజీ అయింది. మన దేశంలో వార్తాసంస్థ ఏఎన్‌ఐ 2024లో వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ మీద ఢిల్లీ హైకోర్టులో రెండు కోట్ల రూపాయల పరువునష్టం దావా వేసింది. ఆ దావా గురించిన వికీపీడియా పేజీని తీసేయమని కోర్టు ఆదేశించడం, 2025 మేలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేయడం పాఠకులకు తెలిసినవే. ఇలాంటివి చూసినవాళ్ళు "అడిగితే తీసేయాలి" అన్న మాట వినగానే ఉలిక్కిపడటంలో ఆశ్చర్యం లేదు.

కాబట్టి గీత ఎక్కడ గీయాలన్నది అసలు ప్రశ్న. నేను గీసే గీత ఇలా ఉంటుంది. ఆ వివరం ఆ మనిషిని ఏ కారణంగా వ్యాసంలోకి తెచ్చామో ఆ కారణానికి చెందినదా? మంత్రి ఆస్తులు, కంపెనీ మీద కేసు, రేడియో కేంద్రం ఉన్న సంగతి - ఇవి చెందినవి. వీటి జోలికి అడిగినవాళ్ళను రానివ్వకూడదు. క్రీడాకారిణి ఆడిన ఆట, గెలిచిన పతకం, ఓడిన పోటీ, మందుల పరీక్షలో దొరికిపోయి ఉంటే అదీ, చెందినవే. ఆవిడ ఎంత వేడుకున్నా తీయకూడదు. పుట్టిన రోజు, పిల్లల పేర్లు, ఉండే వీధి చెందవు.

సంవత్సరం మాత్రం ఉండాలంటాను. ఏ వయసులో ఆడిందో తెలియకపోతే ఆట కథే అర్థం కాదు. నటుల వయసు విషయంలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2016లో ఏకంగా చట్టమే చేసింది, నటులు అడిగితే సినిమా సమాచార సైటు వాళ్ళ వయసు తీసేయాలని. ఉద్యోగాల్లో వయసు వివక్షను ఆపడం దాని ఉద్దేశం. వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమని కోర్టు దాన్ని కొట్టేసింది, సబబుగానే. నిజం రాయవద్దని చట్టం శాసించకూడదు. కానీ చట్టం శాసించకూడదు కాబట్టి సంపాదకుడు కూడా ఆలోచించనక్కరలేదు అన్నది ఎక్కడి తర్కం? అవతలివాడు బలవంతపెట్టలేని చోటనే మన విచక్షణకు పని ఉంటుంది.

ఈ గీత ఎక్కడ మసకబారుతుందో కూడా చెప్పాలి. 1990లో జరిగిన ఒక జర్మన్ నటుడి హత్య కేసులో శిక్ష అనుభవించి బయటికొచ్చిన ఇద్దరు, తమ పేర్లు వికీపీడియా నుంచి తీయాలని 2009లో లాయర్ల ద్వారా అడిగారు. శిక్ష పూర్తయిన మనిషికి మళ్ళీ సమాజంలో కలిసే హక్కు ఉందని జర్మన్ న్యాయ సంప్రదాయం. జర్మన్ వికీపీడియాలో పేర్లు తీశారు, ఇంగ్లీషులో ఉంచారు. నా కొలత ప్రకారం చూస్తే ఆ పేర్లు వ్యాసానికి చెందినవే, ఉండాలి. చనిపోయినవాడి పేరు శాశ్వతంగా ఉన్నప్పుడు చంపినవాళ్ళ పేర్లు ఎందుకు పోవాలి అన్న ప్రశ్న కూడా చిన్నది కాదు. అయినా ఇంగ్లీషు సంపాదకులదే సరైన నిర్ణయమని బల్లగుద్ది చెప్పడానికి నాకు మనసొప్పడం లేదు. శిక్ష వేసిన కోర్టే వదిలేశాక, వదలకపోవడానికి మనమెవరం?

ఆవిడ ఆవిడేనా

ఆ క్రీడాకారిణి పేజీ చర్చలో మధ్యలో ఇంకొకరు సరైన ప్రశ్నే వేశారు: "ఈ ఖాతా నిజంగా ఆవిడదేనని ఏమిటి నమ్మకం?" వికీపీడియాలో దీనికి ఒక దారి ఉంది. ఈమెయిలు పంపితే, గోప్యత ఒప్పందం మీద సంతకం చేసిన స్వచ్ఛంద కార్యకర్తలు ఆ మనిషి ఎవరో చూసి, చేయాల్సింది చేస్తారు. పరువుకు సంబంధించిన పెద్ద మార్పులకు ఈ దారే మేలు.

పుట్టినరోజు తీయడానికి మాత్రం అంత తతంగం దేనికి? అడిగింది దొంగే అనుకుందాం. మనకు పోయేదేమిటి? వ్యాసంలో ఒక రోజు, ఒక నెల. రేపు ఎవరైనా మంచి మూలంతో వస్తే మళ్ళీ చేర్చుకోవచ్చు. అడిగింది ఆవిడే అయి, మనం తీయకపోతే జరిగే నష్టాన్ని ఏ రద్దు మీటా వెనక్కి తేలేదు. మన నిబంధనల్లో ఈ లెక్క ఇంకో చోట ఉంది కూడా. అంతగా పేరు లేని మనిషి తన గురించిన వ్యాసమే తీసేయమని అడిగి, చర్చ ఎటూ తేలకపోతే, ఇంగ్లీషు వికీపీడియాలో తొలగింపు వైపు మొగ్గవచ్చు. మామూలుగా ఎటూ తేలకపోతే వ్యాసం ఉంటుంది. మొత్తం వ్యాసానికే వర్తించే ఉదారం ఒక తేదీకి వర్తించదా?

2008 నవంబరులో న్యూయార్క్ టైమ్స్ విలేఖరి డేవిడ్ రోడ్‌ను అఫ్గానిస్తాన్‌లో తాలిబాన్లు ఎత్తుకుపోయారు. ఆ వార్త బయటికి పొక్కితే ప్రాణానికి ముప్పని పత్రిక అడిగింది. వికీపీడియా సహవ్యవస్థాపకుడు జిమ్మీ వేల్స్, కొందరు నిర్వాహకులు కలిసి, 2009 జూన్‌లో ఆయన తప్పించుకుని బయటపడేవరకు, దాదాపు ఏడు నెలలు ఆ సంగతి ఆయన వ్యాసంలోకి రాకుండా చూశారు. చేర్చినప్పుడల్లా తీసేశారు. ఒక అఫ్గాన్ వార్తాసంస్థ రాసిందని మూలం చూపించినా ఒప్పుకోలేదు. చేర్చిన వాడుకరి మండిపడ్డాడు, పడడా మరి! వాళ్ళు చేసింది మంచి పనే అంటాను, ఒక మనిషి బతకడం ముఖ్యం. కానీ వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదన్నట్టు, పెద్ద పత్రిక అడిగితే మూలాన్ని పక్కన పెట్టగలిగిన మనం, ఎర్రలింకు పేరుతో వచ్చిన ఒకావిడ అడిగితే నిబంధన వల్లిస్తాం.

మన పేర్లు మాత్రం దాచుకుంటాం

నన్ను బాగా కలవరపెట్టేది ఇది. ఆ క్రీడాకారిణి తేదీ చర్చలో పాల్గొన్నవాళ్ళలో సొంత పేరుతో రాసినవాళ్ళు తక్కువ. మారుపేర్లు. అందులో తప్పు లేదు, నేనూ ఆ హక్కు కోసం పోట్లాడతాను. ఒక సంపాదకుడి అసలు పేరో, ఊరో, ఉద్యోగమో ఇంకో సంపాదకుడు బయటపెడితే వికీపీడియాలో అది క్షమించరాని నేరం, నిరోధం తప్పదు. ఆ వివరం గూగుల్‌లో సులభంగా దొరుకుతుందని చెప్పినా చెల్లదు. ఖాతా లేకుండా దిద్దేవారి ఐపీ చిరునామా ఒకప్పుడు అందరికీ కనిపించేది, ఇప్పుడు దాన్ని కూడా తాత్కాలిక ఖాతాల వెనక దాస్తున్నారు. ఏఎన్‌ఐ కేసులో సంపాదకుల వివరాలు ఇమ్మని కోర్టు అడిగినప్పుడు మనలో ఎందరికి నిద్ర పట్టలేదో నాకు తెలుసు.

అంటే బయట దొరుకుతున్న వివరాన్ని కూడా తెచ్చి ఒకచోట పెట్టడం హాని అవుతుందని మనకు బాగా తెలుసు. మన విషయంలో తెలుసు. అదే వివరం వ్యాసంలోని మనిషిదైతే "ఇంటర్నెట్‌లో ఉన్నదే కదా" అంటాం. ఎక్కడో స్కాన్ చేసిన పీడీఎఫ్ చివరి పేజీలో ఉండటం, పేరు వెతకగానే మొదట కనిపించే పేజీలో ఉండటం ఒకటేనా? సంపాదకులు స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళు, వాళ్ళకు రక్షణ కావాలి అంటారు. నిజమే. వ్యాసంలోకి ఎక్కిన మనిషి స్వచ్ఛందంగా కూడా రాలేదు.

తీసేశాక

చివరికి ఆ తేదీ తీశారు. అక్కడితో అయిపోయిందని అనుకున్నారు. మార్పుల చరిత్ర నొక్కితే పాత కూర్పుల్లో అన్నిట్లోనూ ఉంది. నిర్వాహకులు ఆ కూర్పులను మరుగుపరచగలరు, ఇంకా సున్నితమైనవైతే నిర్వాహకులకు కూడా కనిపించకుండా అణచిపెట్టే ఏర్పాటు ఉంది. కానీ ఎవరో అడగాలి. చర్చా పేజీలో వాదించుకుంటూ ఆ తేదీని మనవాళ్ళు వ్యాసంలో కన్నా ఎక్కువసార్లు రాశారు. ఉంచాలన్నవాళ్ళూ రాశారు, తీయాలన్నవాళ్ళూ రాశారు. గోప్యత గురించి చర్చించేటప్పుడు ఆ వివరాన్ని మళ్ళీ టైపు చేయవద్దని ఒక్కరైనా చెప్పి ఉండాల్సింది.

అన్ని భాషల వికీపీడియాలూ పంచుకునే సమాచార భాండారమైన వికీడేటాలో ఆ తేదీ విడిగా ఉంటుంది. అక్కడి నుంచి ఇతర భాషల వికీపీడియాల సమాచారపెట్టెలు తెచ్చుకుంటాయి. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వ్యాసం అనువదించినప్పుడు తేదీ కూడా వచ్చి కూర్చుంటుంది. ఆ తరవాత ఇంగ్లీషులో తీశారని మనకు కబురు రాదు. చిన్న వికీల్లో పనిచేసే చేతులు తక్కువ, వీక్షణ జాబితాలో లేని పేజీలను తిరిగి చూసేవాళ్ళు ఇంకా తక్కువ. స్వేచ్ఛా లైసెన్సు కాబట్టి నకలు సైట్లు ఉంటాయి. వెతుకుడు యంత్రాలు, ఇప్పుడు కృత్రిమ మేధ నమూనాలు కూడా ఇక్కడి నుంచే తీసుకుంటాయి. తిలా పాపం తలా పిడికెడు. ఎవరిని అడిగినా "మేం వేరే చోటు నుంచి తెచ్చాం" అంటారు, ఆ వేరే చోటు చాలాసార్లు మనమే. తీయడం ఇంత కష్టమైనప్పుడు చేర్చేముందే ఆలోచించడం మేలు కదా. ఆ సభ్యుల జాబితాను మొదటిసారి లింకుగా ఇచ్చిన రోజునే ఎవరైనా, ఇది మూలంగా పనికొస్తుందా అనే కాక, ఇది పాఠకులకు చూపించదగ్గదా అని కూడా అడగాల్సింది.

నాతో ఎప్పుడూ విభేదించే ఒక మిత్రుడు ఇదంతా విని ఒక ప్రశ్న వేశారు. "బతికున్నవారి సంగతి సరే. పోయినవారి మాటేమిటి?" జీవించి ఉన్నవారి విధానం మనిషి పోయాక కూడా కొంతకాలం, మహా అయితే రెండేళ్ళ దాకా వర్తించవచ్చు. ఆ తరవాత ఆ మనిషి చరిత్ర. అప్పుడు కూతురు వచ్చి, మా అమ్మ జబ్బు గురించిన ఆ పేరా తీసేయండి అని అడిగితే? జబ్బు ఆవిడను వ్యాసంలోకి తెచ్చిన కారణం కాదు, నా కొలత ప్రకారం తీయాలి. కానీ అడుగుతున్నది ఆ మనిషి కాదు, వారసురాలు. తల్లి బతికి ఉండగా ఆ జబ్బు గురించి ఇంటర్వ్యూల్లో తానే దాచకుండా మాట్లాడి ఉండవచ్చు, కూతురికి అది ఇష్టం లేకపోవచ్చు. అలాంటప్పుడు నేను తల్లి మాటకే విలువిస్తాను. తల్లి ఎక్కడా ఏమీ చెప్పకుండా పోయి ఉంటే, చెప్పింది చికిత్స చేసిన డాక్టరు తన జ్ఞాపకాల పుస్తకంలో అయి ఉంటే మాత్రం కూతురి పక్షం. మిత్రుడు దీనికి ఒప్పుకోలేదు. అచ్చయిన పుస్తకం మూలం కాకపోతే ఇంకేది మూలం అంటున్నారు.